కొరికే పిట్టకు కొర్ర కంకి

గట్టు మండలంలో ఒక ఊరు. ఇది నడిగడ్డ ప్రాంతం. నడిగడ్డ అంటే కృష్ణ, తుంగభద్ర నదుల నడుమ ఉన్న నేల. ఇక్కడ చాలామంది సీడు పత్తి వేస్తారు. ఆడవాళ్లు పొద్దున్నే చేనుకు పోయి పత్తి పూలకు క్రాసింగ్ చేస్తారు.

ఆ ఊళ్లో ఒక ఇల్లు. ఇంట్లో నలుగురు ఉంటారు. తల్లి, తండ్రి, పదేండ్ల కూతురు, ముసలి అవ్వ. తల్లి చిన్నప్పుడు బడికి పోలేదు. పెద్దయ్యాక సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు క్యాలెండరు మీద పాల లెక్క తానే రాస్తుంది. కూలి లెక్క తానే రాస్తుంది.

వినాయక చవితికి కూతురి మేనమామ వచ్చాడు. రాయచూరులో ఒక పిట్టను కొని తెచ్చాడు. పిట్ట చిన్నది. పచ్చగా ఉంది. తల పసుపుగా ఉంది. తోక పొడుగ్గా ఉంది.

"ఇది లవ్ బర్డు. నీకే" అన్నాడు మామ.

కూతురు ఎగిరి గంతేసింది. పిట్టకు బుజ్జి అని పేరు పెట్టింది.

చేయి పెడితే కొరుకుడు

మరునాడు కూతురు పంజరం తలుపు తీసింది. బుజ్జిని పట్టుకుందామని చేయి లోపల పెట్టింది. బుజ్జి రెక్కలు కొట్టుకుంటూ అటూ ఇటూ ఎగిరింది. పారిపోయే దారి లేదు. మూలకు పోయింది. చేయి మూలకు కూడా వచ్చింది. అప్పుడు వేలిని గట్టిగా కొరికింది.

కూతురు కెవ్వుమంది. చేయి వెనక్కి లాక్కుంది. వేలి మీద రక్తం చుక్క కనిపించింది. పిల్లకు కోపం వచ్చింది. పంజరాన్ని గరిటెతో టంగుమని కొట్టింది.

ఆనాటి నుంచి అదే వరస. చేయి కనిపిస్తే చాలు, బుజ్జి నోరు తెరిచి మీదికి వచ్చేది. గింజలు పోయాలన్నా భయమే. నీళ్లు మార్చాలన్నా భయమే.

"రెక్కలు కత్తిరించండి. పొగరు దిగుతుంది" అంది అవ్వ.

"ముక్కు మీద ఒక్కటి వేస్తే సరి" అన్నాడు పక్కింటాయన.

తండ్రి విసుక్కున్నాడు. "దసరా దాకా చూస్తా. అప్పటికీ ఇట్లే కొరికితే చెట్టు మీద వదిలేస్తా" అన్నాడు.

కూతురు ఏమీ అనలేదు. గోడకు తిరిగి పడుకుంది. పిట్ట మీద కోపం ఉంది. పిట్ట పోతుందని బాధ కూడా ఉంది. తల్లి అది గమనించింది.

డాక్టరు చెప్పిన మాట

తల్లి మేకలకు మందు కోసం పశువుల ఆసుపత్రికి పోయింది. మందు తీసుకున్నాక అడిగింది.

"సారూ, మా ఇంట్ల చిన్న పిట్ట ఉంది. చేయి పెడితే కొరుకుతుంది. దానికేమన్నా మందు ఉందా?"

డాక్టరు నవ్వాడు.

"కోపానికి మందు లేదమ్మా. అయినా అది కోపం కాదు, భయం. మీ ఇంట్ల కోళ్లు ఉన్నాయా?"

"ఉన్నాయి సారూ."

"పొదుగుతున్న కోడి కింద చేయి పెడితే ఏం చేస్తుంది?"

"పొడుస్తుంది."

"ఎందుకు?"

"గుడ్లు తీసుకపోతామని భయం."

"ఇదీ అంతే. నీ బిడ్డ వేలు ఎంత, ఆ పిట్ట ఎంత? దాని బరువు ముప్పై నలభై గ్రాములు. గుప్పెడు గింజలంత కూడా ఉండదు. దాని కంటికి మన చేయి ఎంత పెద్దగ కనిపిస్తుందో ఆలోచించు. గద్ద పైనుంచి వస్తుంది. మన చేయీ పైనుంచే వస్తుంది. పారిపోను దారి లేకపోతే అది ఏం చేయాలె?"

తల్లి ఆలోచనలో పడింది.

డాక్టరు మళ్లీ చెప్పాడు. "దుకాణంల వందల పిట్టల నడుమ నుంచి దాన్ని చేత్తోనే పట్టి తీసి ఉంటారు. అప్పటి నుంచి చేయి అంటే దానికి పట్టుకునేది అని గుర్తు. ఇంకోటి విను. అది కొరికినప్పుడు మీ బిడ్డ ఏం చేసింది?"

"చేయి వెనక్కి గుంజుకుంది."

"చూసినావా? కొరికితే చేయి పోతుందని పిట్ట నేర్చుకుంది. మళ్లీ చేయి వస్తే మళ్లీ కొరుకుతుంది. దానికి ఆ పాఠం నేర్పింది మనమే."

"మరి ఎట్ల సారూ?"

"ఇప్పుడు వేరే పాఠం నేర్పాలె. చేయి పట్టుకోదు, కొట్టదు, తినేది ఇస్తుంది అని నేర్పాలె. దానికి ఓపిక కావాలె. రోజూ పొద్దున పది నిమిషాలు, మాపటికి పది నిమిషాలు. అంతకన్నా ఎక్కువ వద్దు. మీ బిడ్డను కూడా కూర్చోబెట్టు. పిట్ట నేర్చుకునే ముందు మనిషి నేర్చుకోవాలె."

ఈ పిట్ట ఎక్కడిది?

మన దగ్గర దీన్ని లవ్ బర్డు అంటారు. దీని అసలు పేరు బడ్జెరిగార్. ముద్దుగా బడ్జీ అంటారు. నిజమైన లవ్ బర్డు వేరే. అది ఆఫ్రికా పిట్ట. బడ్జీ పుట్టిల్లు ఆస్ట్రేలియా దేశం. ఇది కూడా చిలుక జాతిదే.

ఆస్ట్రేలియాలో ఇవి గుంపులు గుంపులుగా తిరుగుతాయి. ఎండ నేలల్లో గడ్డి గింజలు తిని బతుకుతాయి. నీళ్లు ఉన్న చోటికి ఎగిరిపోతాయి. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త ప్రాణంతో ఉన్న బడ్జీలను ఇంగ్లండుకు తీసుకుపోయాడు. తర్వాత అవి ప్రపంచమంతా ఇండ్లలో సాకే పిట్టలయ్యాయి. అడవిలో ఇవి పచ్చ రంగులోనే ఉంటాయి. నీలం, తెలుపు రంగులు మనుషులు సాకుతూ పెంచినవి.

బడ్జీ ముక్కు పైన మెత్తటి చర్మం ఉంటుంది. పెరిగిన మగ పిట్టకు అది సాధారణంగా నీలంగా ఉంటుంది. ఆడ పిట్టకు గోధుమ రంగులో ఉంటుంది. చిన్న పిల్లకు నుదుటి మీద ముక్కు దాకా సన్నని గీతలు ఉంటాయి. మూడు నాలుగు నెలలు దాటితే ఆ గీతలు వెనక్కి పోతాయి. చిన్న పిట్ట త్వరగా మచ్చిక అవుతుంది. పెద్ద పిట్ట కూడా అవుతుంది కానీ ఎక్కువ రోజులు పడుతుంది.

బడ్జీకి ఇష్టమైన తిండి ఏమిటో తెలుసా? కొర్రలు! కొర్ర కంకి అంటే దానికి ప్రాణం. దూర దేశాల్లో పిట్టలు సాకేవాళ్లు కొర్ర కంకులను దుకాణంలో కొంటారు. నడిగడ్డలో మాత్రం కొర్ర కొత్త పంట కాదు. మన తాతల నాటి నుంచి ఉన్న పంట.

డాక్టరు ఈ మాట చెప్పగానే తల్లి ముఖం వెలిగింది. ఆమె అక్క చేనులో ఆ ఏడు కొర్ర వేశారు. కంకులు అప్పుడే పండుతున్నాయి.

"మందు కొట్టిన చేను కంకి మాత్రం వద్దు. పిట్ట చస్తుంది" అన్నాడు డాక్టరు. "నువ్వు సీడు పత్తి చేనుకు పోతావు కదా. ఇంటికి వచ్చినంక చేతులు సబ్బుతో కడుగు. ఆ తర్వాతనే పంజరం ముట్టు."

క్యాలెండరు మీద రాత

తల్లి ఇంటికి వచ్చింది. ముందు పంజరం చోటు మార్చింది. అంతకు ముందు పంజరం వంటింట్లో పొయ్యి పక్కన ఉండేది. ఇప్పుడు ముందు గదిలో పెట్టింది. మనిషి ఛాతీ ఎత్తున, ఒక పక్క గోడకు ఆనించి పెట్టింది. వెనక గోడ ఉంటే పిట్టకు ధైర్యం. నాలుగు దిక్కులా చూసుకోవాల్సిన పని ఉండదు.

క్యాలెండరు పక్కన పెన్సిలు కట్టింది. "రోజూ బుజ్జి ఏం చేసిందో రాద్దాం. ఒక రోజు నువ్వు, ఒక రోజు నేను" అంది కూతురితో.

మొదటి మూడు రోజులు ఎవరూ చేయి పెట్టలేదు. గింజలు, నీళ్లు మార్చేటప్పుడు మాత్రం మెల్లగా మార్చారు. మిగతా సమయం పంజరం పక్కన కూర్చున్నారు. తల్లి బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ మెల్లగా మాట్లాడింది. కూతురు పాఠం చదువుకుంది. క్యాలెండరు మీద తల్లి ఇట్లా రాసింది.

1వ రోజు: మూలకు పోయింది.

3వ రోజు: మూలకు పోలేదు. చూసింది.

నాలుగో రోజు తల్లి పంజరం బయట చేయి ఆనించి కూర్చుంది. కదల్లేదు. బుజ్జి ఈకలు ఒంటికి అతుక్కున్నాయి. మెడ పొడుగు చేసి నిలబడింది. అది భయానికి గుర్తు. తల్లి చేయి కొంచెం దూరం జరిపింది. ఈకలు వదులయ్యాయి. చేయి అక్కడే ఉంచింది.

4వ రోజు: జానెడు దూరంలో చేయి ఉంటే సరే అంది.

ఆరో రోజు కూతురు కొర్ర కంకి చివర పట్టుకుని ఊచల నడుమ నుంచి లోపలికి పెట్టింది. బుజ్జి చాలా సేపు చూసింది. ఒక అడుగు వేసింది. వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది. మెడ చాచి ఒక్క గింజ కొరికింది. పొట్టు ఊసింది. గింజ మింగింది.

"అమ్మా, తిన్నది!" అని కూతురు గుసగుసగా చెప్పింది. అరవకూడదని పిల్లకు తెలుసు.

6వ రోజు: కొర్ర తిన్నది. ఏడు గింజలు.

రోజురోజుకూ కంకి పొట్టిదవుతూ వచ్చింది. బుజ్జి వేళ్ల దగ్గరికి రావాల్సి వచ్చింది. పదకొండో రోజు తల్లి తలుపు తీసింది. కంకి పట్టుకుని చేయి మెల్లగా లోపల పెట్టింది. పైనుంచి కాదు, కింది నుంచి పెట్టింది. బుజ్జికి ఎదురుగా, అది చూస్తుండగా పెట్టింది. బుజ్జి కంకి తిన్నది. తిన్నంత సేపు చేయి కదల్లేదు.

తల్లి వేళ్లకు ఆ పని కొత్త కాదు. పత్తి మొగ్గ విప్పేటప్పుడు లోపలి పువ్వు నలగకూడదు. వేలు తొందర పడితే పువ్వు పాడైపోతుంది. ఆ వేళ్లు ఇప్పుడు పిట్ట కోసం పని చేశాయి.

పని చెడిన రోజు

పదిహేనో రోజు పక్కింటి పిల్లలు వచ్చారు. పెద్దవాళ్లు ఎవరూ ఇంట్లో లేరు. ఒక పిల్లవాడు పుల్లతో బుజ్జిని పొడిచాడు. బుజ్జి ఊచలకు కొట్టుకుంది. ఒక ఈక రాలింది.

సాయంత్రం కూతురు కంకి పెట్టింది. బుజ్జి కంకిని వదిలి వేలిని కొరికింది. కూతురి కండ్ల నిండా నీళ్లు వచ్చాయి. అయినా చేయి గుంజుకోలేదు. ఊపిరి బిగబట్టి అట్లే ఉంచింది. బుజ్జి వదిలింది. అప్పుడు చేయి మెల్లగా బయటికి తీసింది. తలుపు వేసింది. తర్వాత ఏడ్చింది.

"ఇన్ని రోజులు చేసిందంతా పోయింది" అంది.

తల్లి పిల్ల వేలిని సబ్బుతో కడిగింది. ఒక మాట చెప్పింది.

"నేను బడికి పోయిన కొత్తల ఒకరోజు 'ళ' తప్పు రాసిన. ఎవరో నవ్విండ్రు. మూడు రోజులు బడికి పోలేదు. నాలుగో రోజు పోతే మా సార్ ఏం అడగలేదు. పలక ఇచ్చి, నిన్న యాడిదాక వచ్చినామో అక్కడి నుంచి చూద్దాం అన్నడు. నేర్చుకున్నది యాడికీ పోలేదు బిడ్డా. భయం పోయేదాక ఆగాలె, అంతే."

ఆ రోజు కూతురు క్యాలెండరు మీద రాసింది.

15వ రోజు: కొరికింది. తప్పు దానిది కాదు.

మరునాడు వాళ్లు మళ్లీ నాలుగో రోజు పనికి పోయారు. పంజరం బయట చేయి ఆనించి కూర్చున్నారు. ఈసారి పది రోజులు పట్టలేదు. మూడు రోజుల్లో బుజ్జి మళ్లీ చేతిలోని కంకి తిన్నది.

పుల్ల నుంచి వేలికి

తర్వాత డాక్టరు చెప్పినట్లు వేప పుల్ల తీసుకున్నారు. పుల్లను బుజ్జి పొట్టకు, కాళ్లకు కొంచెం పైన ఆనించారు. "ఎక్కు" అన్నారు. పుల్ల ఆనితే పిట్ట తనంతట తానే కాలు పైకి ఎత్తుతుంది. బుజ్జి పుల్ల మీదికి ఎక్కింది. ఎక్కగానే కొర్ర గింజలు ఇచ్చారు.

రోజూ పుల్లను కొంచెం కొంచెం పొట్టిగా పట్టుకున్నారు. వేలు బుజ్జి కాళ్లకు దగ్గరయ్యింది. ఇరవై ఏడో రోజు పుల్ల పక్కన పెట్టి కూతురు వేలు చాచింది.

బుజ్జి ముందుకు వంగింది. ముక్కుతో వేలిని పట్టుకుంది.

కూతురికి గుండె దడదడలాడింది. కానీ డాక్టరు చెప్పిన మాట గుర్తుకు వచ్చింది. పిట్టకు ముక్కే చేయి. మనం నిచ్చెన ఎక్కే ముందు చేత్తో ఊపి చూస్తాం కదా. చిలుక కూడా అట్లే కొమ్మను ముక్కుతో పట్టి చూస్తుంది. గట్టిగా ఉంటే ఎక్కుతుంది. అది కొరుకుడు కాదు. అప్పుడు చేయి లాక్కుంటే పిట్ట పడిపోతుంది. ఈ కొమ్మ నమ్మకమైనది కాదు అనుకుంటుంది.

కూతురు వేలు కదపలేదు. బుజ్జి ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టింది. వేలి మీద నిలబడింది. ఈకలు విదిలించుకుంది.

27వ రోజు: ఎక్కింది.

ఆ మాటను కూతురు పెద్ద అక్షరాలతో రాసింది.

చెట్టు మీద వదిలితే?

తండ్రి మొదట పిట్టను వదిలేస్తానన్నాడు. తర్వాత ఆయనే డాక్టరును అడిగాడు. డాక్టరు వద్దన్నాడు. బడ్జీ మన దేశపు పిట్ట కాదు. పంజరంలో పుట్టి పెరిగింది. బయట తిండి వెతుక్కోవడం దానికి తెలియదు. కాకి, పిల్లి, గద్ద దాన్ని బతకనివ్వవు. సాకలేకపోతే, సాకే వాళ్లకు ఇవ్వాలి.

రెక్కలు కత్తిరించడం కూడా మంచిది కాదు. ఎగరలేని పిట్టకు భయం ఇంకా పెరుగుతుంది. భయం పెరిగితే కొరుకుడు పెరుగుతుంది.

రామచిలుక సంగతి వేరు

బుజ్జిని చూసి పక్కింటాయనకు కూడా ఆశ పుట్టింది. "నేను తాటి చెట్టు తొర్రలో నుంచి రామచిలుక పిల్లను తెస్తా. మాటలు నేర్పుతా" అన్నాడు.

తల్లి వద్దంది. అది నేరమని పేపరులో చదివింది.

1972లో మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఈ చట్టం కింద మన అడవి పిట్టలకు రక్షణ ఉంది. రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో పెట్టడం నేరం. జైలు, జరిమానా ఉంటాయి. 2022లో ఈ చట్టానికి మార్పులు చేశారు. అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. రామచిలుకకు ఇప్పుడూ రక్షణ ఉంది. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను తన రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. మన తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట.

చట్టం వచ్చింది ఈ మధ్యనే. పిట్టను బంధించడం తప్పు అనే మాట మన పెద్దల కథల్లో ముందు నుంచీ ఉంది. అవ్వ ఆ కథ చెప్పింది. భద్రాచలం గుడి కట్టించిన రామదాసు గోలకొండ జైలులో పన్నెండేండ్లు ఉన్నాడట. ఎందుకంటే పూర్వజన్మలో ఆయన ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడట. రోజుకు ఒక ఏడు శిక్ష పడిందట.

కథ చెప్పి అవ్వ తానే ఆగిపోయింది. బుజ్జి వైపు చూసింది. "దీని రెక్కలు కత్తిరించమన్నది నేనే కదా" అంది.

గాలివానకు రామచిలుక పిల్ల కింద పడితే ఏం చేయాలి? తొర్ర కనిపిస్తే, అందితే, అందులోనే తిరిగి పెట్టాలి. పిల్లి, కుక్క రాకుండా చూడాలి. దెబ్బ తగిలి ఉంటే అటవీ శాఖ వాళ్లకు చెప్పాలి. ఇంట్లో ఉంచుకోకూడదు.

పిట్టను సాకేవాళ్లు ఇవి గుర్తుంచుకోండి

1. తిండి: కొర్రలు, సామలు, సజ్జలు పెట్టాలి. కొంచెం కొత్తిమీర, పాలకూర కడిగి పెట్టాలి. ఉప్పు, నూనె, టీ, చాక్లెట్ పెట్టకూడదు.

2. నీళ్లు: రోజూ మార్చాలి. ఎండాకాలంలో రెండు పూటలా మార్చాలి. పిట్టకు చెమట పట్టదు. నోరు తెరిచి ఎగపోస్తుంటే ఎండ తగిలిందని అర్థం. వెంటనే నీడకు మార్చాలి.

3. పొగ: పంజరం వంటింట్లో పెట్టకూడదు. పిట్ట ఊపిరి చాలా సున్నితం. ఇంగ్లండు బొగ్గు గనుల్లో విషవాయువు ఉందో లేదో తెలుసుకోవడానికి కెనరీ అనే పిట్టలను తీసుకుపోయేవాళ్లు. గాలి చెడితే మనిషి కన్నా ముందు పిట్ట సొమ్మసిల్లేది. 1986లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పాలని అక్కడ నిర్ణయించారు. అగరుబత్తి పొగ, దోమల మందు పొగ, మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ కూడా పిట్టకు చెడ్డవి.

4. కూర్చునే కొమ్మ: వేప కొమ్మ, జామ కొమ్మ మంచివి. ఒకటి సన్నగా, ఒకటి లావుగా ఉండాలి. కాళ్లకు పుండ్లు పడవు.

5. నిద్ర: పొద్దు గూకినాక పంజరం మీద పల్చని గుడ్డ కప్పాలి. గాలి ఆడేటట్లు కప్పాలి. నిద్ర చాలని పిట్ట చిరాకు పడుతుంది.

6. శుభ్రం: పంజరం అడుగున పాత పేపరు వేయాలి. రోజూ మార్చాలి. రెట్ట ఎండి దుమ్ము లేస్తే రోగం రావచ్చు. ముక్కుకు గుడ్డ కట్టుకుని శుభ్రం చేయాలి. తర్వాత సబ్బుతో చేతులు కడగాలి.

7. కొత్త కొరుకుడు: మచ్చికైన పిట్ట ఉన్నట్టుండి కొరికితే దానికి నొప్పి ఉందేమో చూడాలి. ముక్కు చుట్టూ పొలుసులు కడితే పురుగు పట్టిందని అనుమానించాలి. ఈకలు ఉబ్బించుకుని తిండి మానేస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. గుడ్ల కాలంలో ఆడ పిట్ట గూటి దగ్గర కొరకడం మామూలే. అప్పుడు గూటిలో చేయి పెట్టకండి.

పిట్ట కొరికితే ఏం చేయాలి?

అరవకండి. చేయి గుంజకండి. పిట్టను కొట్టకండి, ఊదకండి. చేయి కదపకుండా ఉంచి, అది వదిలినాక మెల్లగా తీయండి.

గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో బాగా కడగండి. పసుపు, సున్నం, పేడ పెట్టకండి. గాయం లోతుగా ఉన్నా, వాచినా ఆసుపత్రికి పోండి. ధనుర్వాతం సూది అవసరమేమో అడగండి. కుక్క కాటుతో వచ్చే రేబీస్ రోగం పిట్ట కాటుతో రాదు. దానికి భయపడే పని లేదు.

దసరా రోజు

దసరా పండుగ వచ్చింది. మేనమామ మళ్లీ వచ్చాడు. కూతురు తలుపు తీసి వేలు చాచింది. బుజ్జి వేలిని ముక్కుతో పట్టి చూసింది. ఎక్కి కూర్చుంది. ఒంటి కాలు మీద నిలబడి ముక్కు కరకరా నూరింది. అది నిశ్చింతకు గుర్తు.

తండ్రి చూశాడు. వదిలేసే మాట ఎత్తలేదు. "ఇంకో కొర్ర కంకి ఉందా?" అని అడిగాడు.

"అబ్బో, మంచిగ అలవాటయింది!" అని మామ గబుక్కున చేయి చాచాడు. పైనుంచి గుప్పిటతో పట్టుకోబోయాడు.

బుజ్జి మామ బొటనవేలిని కొరికింది.

"అమ్మో! ఇంకా కొరుకుతుంది కదే!" అన్నాడు మామ.

అందరూ నవ్వారు. కూతురు మాత్రం నవ్వలేదు. మామ చేతిలో ఒక కొర్ర కంకి పెట్టింది.

"మామా, అది మారలేదు. మన చేయి మార్చుకున్నం. నువ్వు కూడా కింద కూర్చో. మెల్లగ చాపు. అది వచ్చేదాక ఆగు" అంది.

మామ చాప మీద కూర్చున్నాడు. కంకి పట్టుకుని చేయి చాపాడు. బుజ్జి దూరం నుంచి చూస్తూ ఉంది. ఇల్లంతా నిశ్శబ్దమైంది.

తల్లి క్యాలెండరు దగ్గరికి పోయి పెన్సిలు తీసింది.

మామ 1వ రోజు, అని రాసింది.

చదవండి, చెప్పండి

1. బుజ్జి కూతురి వేలిని ఎందుకు కొరికింది?

2. కొరికినప్పుడు చేయి గుంజుకుంటే పిట్ట ఏం నేర్చుకుంటుంది?

3. చేయి పైనుంచి కాకుండా కింది నుంచి ఎందుకు పెట్టాలి?

4. బడ్జీని సాకవచ్చు. రామచిలుకను సాకకూడదు. ఎందుకు?

5. "తప్పు దానిది కాదు" అని కూతురు ఎందుకు రాసింది?

ఆలోచించండి, రాయండి

మీ ఇంట్లో కోడి, మేక, కుక్క లేదా బర్రె ఉందా? అది ఎప్పుడు పొడుస్తుంది, కరుస్తుంది, తంతుంది? అప్పుడు దానికి ఏం భయం ఉండి ఉంటుంది? మీ క్యాలెండరు మీద వారం రోజులు రోజుకు ఒక్క మాట రాయండి. వారం తర్వాత అన్నీ కలిపి చదవండి.

కొత్త మాటలు

మచ్చిక: భయం పోయి దగ్గర కావడం.

వన్యప్రాణి: అడవిలో స్వేచ్ఛగా బతికే జీవి.

సంరక్షణ: కాపాడడం.

జరిమానా: తప్పు చేసినందుకు కట్టే డబ్బు.